పెరటిగదిలో గేది

ఏటమ్మడూ, నర్సింగు కాలేజీ తరఫున రోగాల సర్వేకి పేరిచ్చేవా? "జనం తలుపులు తీత్తారా మామ్మా?" అంటన్నావు. తీత్తారమ్మా. నిజం మాత్రం సెప్పరు. నేను సెప్పలేదు గనకే మీ తాతకి పేణం మీదకొచ్చింది. ఆ గోరం సెప్తాను, తమ్ముణ్ణి కూడా పిలు. ఫోను స్పీకర్లో ఎట్టు.

మీ బాబాయికి సంబంధాలు సూత్తన్న ఏడు, వానలకి కొళాయి నీళ్ళల్లో మురుగు కలిసిపోయి, బెల్లం మార్కెట్టు ఎనకాల మా ఈదంతా విరేచనాలే. మీ తాతయితే పెరటిగదికీ దొడ్డికీ మజ్జిన సిటీబస్సులాగ తిరుగుతన్నాడు.

"ఆసుపత్రికెల్దావే" అన్నాడు.

"నాతవరం పిల్లనిచ్చేవోళ్ళు ఇచారణకొత్తారంట. రోగిష్టి కొంపనుకుంటారు, మూలగకండా పడుకో" అన్నాను.

అప్పుడొచ్చింది ఒక పిల్ల. తెల్లకోటు, మెళ్ళో కార్డు, సేతిలో కాయితాలు. నీలాగే సదువుకుంటన్న నర్సమ్మ.

"మామ్మగారూ, ఇంట్లో ఎంతమంది? వయసులెంత? బీపీ, షుగరు ఎవరికైనా ఉన్నాయా?"

సూడండర్రా, పిల్లనిచ్చేవోళ్ళు కాకపోతే ఇన్ని ఆరాలు ఎవరు తీత్తారు?

"మీదే ఊరమ్మా?" అన్నాను మెత్తగా.

"నాతవరం దగ్గరండి."

దొరికేసింది దొంగ!

"మావోడు ఉక్కుముక్కమ్మా. తుమ్మైనా రాదు."

"మీ అబ్బాయి గురించి కాదండి. విరేచనాలు ఎవరికైనా..."

"మా వంశంలోనే లేవు!"

సరిగ్గా అప్పుడే పెరటిగదిలోంచి "హూఁ..." అని మూలుగు.

"ఎవరండీ అది?"

"గేది."

మాకు గేదెక్కడిదమ్మా? పాలపేకట్టు గుమ్మంలోనే పడుంది. ఆ పిల్ల దాన్ని సూసింది, నన్ను సూసింది. ఈసమెత్తు నవ్వలేదు.

"పాపం. పొద్దున్నుంచి గేదెకి ఎన్నిసార్లయ్యాయండీ?"

నేను నోరు తెరిసేలోగా పెరట్లోంచి కేక: "పదకొండుసార్లు తల్లీ!"

గోడలకి సెవులుంటాయంటారు. మా గోడకి నోరు కూడా ఉంది. బెల్లం పాకంలో పడ్డ ఈగనైపోయేను.

ఆ పిల్ల నన్ను జరిపేసి లోపలికెళ్ళింది. తాత సేతిమీద సర్మం గిల్లింది. గిల్లిన మడత అలాగే నిలబడిపోయింది. "ఒంట్లో నీరంతా పోయింది" అంది. తనే ఓఆర్ఎస్ కలిపి సెంచాతో పట్టి, ఆటో పిలిపించి ఆసుపత్రికి సేర్సింది. రెండు సెలైన్లెక్కేక మీ తాత లేచి కూకుని, "గేదికి గడ్డేదే?" అన్నాడు.

నాతవరం ఓళ్ళా? అసలెవర్నీ పంపనేలేదు.

అప్పుడే మీ తాత నెత్తిమీద సెయ్యెట్టి ఒట్టేసేను: ఈ జన్మలో ఏ నర్సమ్మ ముందుకీ లేని గేదిని తోలుకురాను. నువ్వూ ఇనుకో, ఎవరింట్లో గేది మూలిగినా ముందు లోపలికెళ్ళి సూడు.

ఆ పిల్ల మళ్ళీ సూడ్డానికొచ్చినప్పుడు అడిగేను. "అమ్మా, ఆ కాయితంలో మా ఆయన్ని మనిషని రాసేవా, గేదని రాసేవా?"

కాయితాలు గుండెలకదుముకుని, "రికార్డు ఎవరికీ చూపించకూడదండి" అనేసి ఎళ్ళిపోయింది.

నువ్వూ ఆ సదువే కదమ్మా. ఏటి రాసుంటాదంటావు?