పూలుపండ్ల నాడు వచ్చిన వైఫై

మొన్న ఆదివారం మా అమ్మాయి తన కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించుకుంటూ ఉంటే, నల్లగండ్లలోని మా ఫ్లాట్లో టీ కప్పు పట్టుకుని దాని పక్కనే కూర్చున్నాను. ఇప్పుడు మొరాయిస్తుంది, ఇదిగో ఇప్పుడు మొరాయిస్తుందని కాచుకుని ఉన్నాను. తెరమీద వచ్చిన పేర్ల వరుసలో మా ఇంటి వైఫై ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టిందో లేదో, నా టీ చల్లారకముందే కలిసిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త నిరాశగానే అనిపించింది.

మా తరంలో లినక్స్ మొహం చూసినవాళ్ళకు ఆ నిరాశ అర్థమవుతుంది. పెళ్ళయి ఒంగోలు నుంచి మణికొండకు కాపురానికి వచ్చి, వదులుకున్న టీచరుద్యోగం మీది బెంగతో కంప్యూటర్ కోర్సు చేసి, హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీ గుమ్మం దాకా చేరాను. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకోవాలి, అందులో లినక్స్ నడవాలి, ఆఫీసులో ఉన్నది వైఫై ఒక్కటే; సోమవారం పొద్దుటికి అది సిద్ధంగా లేకపోతే నా చోటు ఇంకొకరికి పోతుందని ముందే చెప్పారు. మా అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. రెండూ పక్కపక్కన ఉంచుకోవచ్చని తెలిసినా, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, విండోస్‌ను ఆనవాలు లేకుండా తుడిచేశాను.

తెర వచ్చింది, పాట వచ్చింది, వైఫై మాత్రం రాలేదు. దానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము విడిగా తెచ్చి పెట్టాలట. డ్రైవర్ తేవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు. నెట్ సెంటర్‌కు వెళ్ళి పెన్‌డ్రైవ్‌లో వేసుకొస్తే, తను పనిచేయాలంటే ఇంకోటి ఉండాలంది. అదీ తెస్తే మరోటి అడిగింది.

ఇక మిగిలింది కింది వాటాలో ఇంటి ఓనరు ఆంటీ గారి హాల్లోకి వచ్చే నెట్ తీగ; తీగ గుచ్చితే ఆ డ్రైవర్ లేకున్నా నెట్ వస్తుంది. ఆ ఆదివారమే వాళ్ళమ్మాయికి పూలుపండ్లు, మా వైపు నిశ్చితార్థమంటాం. గుమ్మం దాకా వెళ్ళి, ఇంటినిండా చుట్టాలను చూసి వెనక్కి తిరగబోతుంటే ఆవిడే పిలిచింది. నా గోడంతా విని, "గింత దానికి పరేషానెందుకు బిడ్డా? తీగ ఆడనే ఉన్నది, కూసో" అని పళ్ళ తట్టలు పక్కకు జరిపించి మూల కూర్చోబెట్టింది. తీగ పొట్టిది, ఎటూ కదలడానికి లేదు. పట్టుచీరల నడుమ నలిగిన నూలుచీరతో నేను, ఒళ్ళో ల్యాప్‌టాప్, తెరమీద నత్తలా పాకే గీత. మగపెళ్ళివారు నన్ను ఫోటోగ్రాఫర్ తాలూకు మనిషిననుకున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ వంగి, "ఫోటోలు మంచిగొచ్చినయా? నాది జర జూపియ్యి" అంది. నల్ల తెరమీద బారులు తీరిన తెల్ల అక్షరాలు చూసి ఏమనుకుందో, మెల్లగా పక్కకు జరిగింది.

అమ్మాయికి బొట్టు పెడుతున్న సమయంలో తెర మూల వైఫై గుర్తు వెలిగింది. నాకు తెలియకుండానే "వచ్చింది!" అని అరిచాను. అందరూ ఇటు తిరిగారు, సిగ్గుతో చచ్చిపోయాను. ఆంటీ గారు మాత్రం బొట్టు పెట్టే చెయ్యి ఆపకుండా, "వచ్చిందా? మంచిగైంది. ఇగ లే, అన్నం తిను" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ఉద్యోగం దక్కింది. ఆ డ్రైవర్ మొదటే పలికి ఉంటే ఆ ఇంట్లో నేను కిరాయికున్న మనిషిగానే ఉండిపోయేదాన్ని. తర్వాత జరిగిన పెళ్ళిలో తలుపు దగ్గర పన్నీరు చల్లింది నేనే.

ఈ అపార్ట్‌మెంట్‌కు వచ్చి చాలా ఏళ్ళయింది. మొన్న అమ్మాయి తెరమీద కనిపించిన ఇరుగుపొరుగు వైఫై పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు, వాటి వెనక మనుషులెవరో తెలియదు. వెళ్ళి తలుపు తట్టాలంటే ఏదో ఒకటి చెడిపోవాలి. ఇప్పుడు ఏదీ చెడిపోవడం లేదు.