మెట్ల మీద మా డ్రిల్లు టీచరమ్మ

గురువారం పొద్దున అమ్మ ఫోన్‌లో వీధి వాట్సాప్ గ్రూపు చూస్తూ, "డ్రిల్లు టీచరమ్మ పోయిందంట. రాత్రి నిద్రలోనే" అంది. నాయన ఇడ్లీ తుంచుతూ, "ఎవురు, ఆ పరిగెత్తే ముసలామేనా? పాపం" అన్నాడు. నేను తల ఎత్తలేదు. ఆమె నాకు తెలుసని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియని మనిషి కోసం ఏడిస్తే ఎందుకని అడుగుతారు కదా.

తిరుపతిలో పొద్దున్నే లేచేవాళ్ళలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. డెబ్బై దాటినా కొంగు నడుముకు బిగించి, మగవాళ్ళ కాన్వాస్ బూట్లు వేసుకుని, మెడలో విజిల్‌తో పార్కుకు వచ్చేవారు. ఆడపిల్లలు మైదానంలో అడుగు పెట్టని రోజుల్లో రాష్ట్రం పోటీలకు పోయి పరుగులో పతకం తెచ్చిన మనిషి. గవర్నమెంటు స్కూల్లో రిటైరయ్యాక, పార్కులో ఆడవాళ్ళ చేత వ్యాయామం చేయించడమే పనిగా పెట్టుకున్నారు. పూలు కట్టే అక్క, హోటల్లో పిండి రుబ్బే అవ్వ, నైటీ మీద చున్నీ వేసుకొచ్చే ఆంటీలు, అందరూ ఒకే వరుసలో నిలబడాలి. ఎవరైనా సిగ్గుపడితే, "ముందు ఆయాసం రానీ మే. ఆయాసం వస్తే సిగ్గు గుర్తుండదు" అనేవారు.

ఆమె కంట్లో నేను పడింది స్కూలు బస్సు వెనకాల పరిగెత్తుతున్నప్పుడు. బస్సు అందలేదు. పార్కు గేటు దగ్గర నిలబడి ఆమె నవ్వారు.

"అంత బ్యాగు మోసుకోని ఇట్ల పరిగెత్తినావే. బ్యాగు లేకుంటే ఎట్ల పరిగెత్తుతావో సూడాల."

"మా నాయన ఒప్పుకోడు మేడం."

"అడిగినావా?"

అడగలేదు. మా చిన్నాన్న కూతురు కబడ్డీ ఆడతానంటే, "ఆడబిడ్డ నలుగురి ముందర ఎగిరేది ఏంది" అని నాయన అనడం విన్నాను. నాకు అదే చాలు.

ఆ రోజు ఆమె తన కథ చెప్పారు. పెళ్ళైన కొత్తలో అత్తగారింట్లో పరుగు మాటే ఎత్తనివ్వలేదట. అందుకని మొక్కు ఉందని చెప్పి, వారం వారం అలిపిరి మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు.

"ఏం మొక్కు అని ఒగురన్నా అడిగినారా? అడగలే. ఒకరి మొక్కు ఇంకొకరు అడగరు గదా. మా అత్తే పసుపు కుంకం పొట్లం కట్టిచ్చేది. మొదటి నాలుగు మెట్లకు పెట్టేసి, పైట బిగించి, గాలిగోపురం దాకా ఒకటే పరుగు. ఆడ ఎట్లా వట్టికాళ్ళే. బూట్లు ఎందుకని అడిగే పని గూడా లేదు."

నేనూ అదే చేశాను. పదో తరగతి మార్కుల కోసం మొక్కుకున్నానని ఇంట్లో చెప్పాను. అమ్మ మురిసిపోయి పొట్లం కట్టింది. ఆదివారం ఆదివారం నాయనే అలిపిరిలో దింపి తన దుకాణానికి వెళ్ళేవాడు. ఆయన పోయాక టీచరమ్మ నాతో మెట్లెక్కేవారు.

చిరుతలు తిరుగుతున్నాయి, గుంపుగా వెళ్ళండి అని అక్కడ మైకులో చెబుతుంటారు. మొదటి వారం నేను వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాను.

"ఏం మే, సూసేది చిరుత కోసరమా, మీ నాయన కోసరమా?"

"మా నాయన కోసరమే మేడం."

"అయితే సరే. చిరుతైతే నీకంటే ముందర నేనే ఉరికిపోదును."

అప్పటికి ఆమె మెట్ల మీద పరిగెత్తడం మానేశారు. నెమ్మదిగా ఎక్కుతూ, మోకాళ్ళు పట్టుకుని కూలబడిన యాత్రికులకు కాలు ఎలా వెయ్యాలో చూపించేవారు. నేను గాలిగోపురం దాకా పోయి దిగివచ్చేసరికి ఆమె చుట్టూ ఏ ఊరివాళ్ళో పదిమంది చేతులు పైకెత్తి ఊపిరి పీలుస్తూ ఉండేవాళ్ళు.

ఒకసారి అడిగాను, స్వామికి అబద్ధం చెప్పినట్టు కాదా అని.

"స్వామికి యాడ సెప్పినావు? మీ నాయనకు గదా" అన్నారు. రెండు మెట్లు ఎక్కి, "నా పెళ్ళైన మూడో ఏడు మా అత్త పోయింది. ఆ మరుసటేడు నాకు పతకం వచ్చింది. నేను పరిగెత్తేది ఆమె ఒక్క తూరి గూడా సూడలే. సూసుంటే తిట్టునో, ఏం సేసునో. అదొక్కటి తెలీకుండా పోయింది" అన్నారు. నన్ను మాత్రం చెప్పెయ్యమని ఎప్పుడూ అనలేదు.

రైతు బజార్లో ఒకసారి అమ్మా నేనూ ఆమెకు ఎదురుపడ్డాం. నేను అమ్మ వెనక్కి జరిగాను. ఆమె అమ్మతో మోకాళ్ళ నొప్పుల గురించి, నడక గురించి చాలాసేపు మాట్లాడారు. నా వైపు చూడనే లేదు. ఒక పిల్ల భయాన్ని అంత మర్యాదగా చూసుకున్నవాళ్ళు నాకింకెవరూ తెలియదు.

ఈ గురువారం పదకొండింటికి ఆమెను తీసుకెళ్ళిపోతారని గ్రూపులో ఉంది. చెబితే పరుగు పోతుంది. చెప్పకపోతే ఆమె ముఖం కడసారి చూడలేను.

"నాయనా, నేను ఆమెను సూడాల" అన్నాను.

"నీకెట్ల తెలుసు ఆమె?"

అంతా చెప్పాను. నాయన ప్లేటు పక్కకు జరిపాడు.

"అంటే మొక్కు?"

"మొక్కు లేదు నాయనా."

"మరి నేను కట్టిచ్చిన పొట్లాలన్నీ ఏం సేసినావే?" అంది అమ్మ.

"మెట్లకే పెట్టినా మా."

నాయన చెయ్యి కడుక్కుని బండి తాళం తీశాడు. నన్ను వెనక కూర్చోమన్నాడు.

టీచరమ్మ ఇంటి ముందు పార్కు ఆడవాళ్ళంతా ఉన్నారు. నేను ఆమె పాదాలు ముట్టుకున్నాను. అప్పుడు ఏడ్చాను, అందరి ముందరే. పూలు కట్టే అక్క నన్ను పట్టుకుని, "మెట్లెక్కే పిల్లవి నువ్వేనా? ఒక పిల్ల ఉండాది, పేరు సెప్పను, గాలిగోపురం దాకా యాడా నిలబడకుండా ఎక్కతాది అని టీచరమ్మ ఒకటే పొగడ్త" అంది. గుమ్మం బయట నిలబడిన నాయన ఆ మాట విన్నాడు.

ఆదివారం నన్ను దించి నాయన వెళ్ళిపోలేదు. నా వెనకే మెట్లెక్కాడు. యాభై మెట్లకే కూలబడి, ఆయాసపడుతూ, నువ్వు పో అని చెయ్యి ఊపాడు. మలుపు దగ్గర ఆగి కిందికి చూశాను. చొక్కా గుండీలు రెండు విప్పుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నాయన పైకే చూస్తున్నాడు.