హాలత్ అమ్మార్‌లో అమ్మ వేలిముద్రలు

పాపకు మూడో నెల వచ్చేసరికి నా సెలవు అయిపోయింది. సౌదీలోని తబూక్‌లో నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. మా ఆయన ఊరి బయటి పొలాల్లో నీళ్లు చిమ్మే పెద్ద యంత్రాల మరమ్మతు చూసే ఇంజనీరు. పొద్దున్నే వెళ్లిపోతాడు. పాపను చూసుకోవడానికి మనిషిని పెట్టుకోవాలా, నేను ఉద్యోగం మానాలా అని కొన్నాళ్లు తర్జనభర్జన పడి, చివరికి జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి అమ్మను పిలిపించుకున్నాం.

మా ఆయన పేరు మీద ఫ్యామిలీ విజిట్ వీసా వచ్చింది. చెప్పుకోవడానికి ఏడాది వీసా. కాని మూడు నెలలు నిండేలోపు మనిషి దేశం దాటి బయటికి పోయి, మళ్లీ లోపలికి రావాలి. అలా వస్తే ఇంకో మూడు నెలలు. తబూక్ వాళ్లకు దగ్గరి సరిహద్దు జోర్డాన్‌ది. హాలత్ అమ్మార్ అనే చోట సౌదీ వైపు స్టాంపు కొట్టించుకుని, అటు వాళ్ల స్టాంపు కొట్టించుకుని, అక్కడే బండి తిప్పుకుని వచ్చేస్తారు. ఇక్కడి ఇండియన్లందరూ దీన్ని స్టాంపింగ్ అంటారు. సొంత కారులో పోయేవాళ్లు పోతారు, కుదరనివాళ్లు ఏజెంటుకు అప్పజెప్తారు.

మాకు తెలిసిన ఏజెంటు హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఎప్పుడో డ్రైవరుగా వచ్చి, ఇప్పుడు ఒక వ్యాను పెట్టుకుని నడుపుతున్నాడు. వారానికోసారి అత్తలను, మామలను, చంటిపిల్లల తల్లులను ఎక్కించుకుని సరిహద్దుకు పోయి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఇళ్ల దగ్గర దింపేస్తాడు. కాగితాలన్నీ ఆయనే చూసుకుంటాడు. మొదటిసారి, మా ఆయన సెలవు పెట్టి పాప దగ్గర ఉండేట్టు చూసుకుని, అమ్మను ఏజెంటు వ్యానులోనే పంపించాం. చీర మీద నా నల్ల అబాయా వేసుకుని, చేతిసంచిలో నీళ్ల సీసా, బిస్కెట్ల పొట్లం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం దాటింది, వ్యాను రాలేదు. ల్యాబులో ఉండగా ఏజెంటు ఫోను చేశాడు.

"మేడమ్, అమ్మ వేళ్లు మిషన్ల పడ్తలేవు. ఏ వేలు పెట్టినా లాల్ లైటే వస్తున్నది. బండిల అందరు కూసోని ఉన్నరు."

"జెద్దాలో దిగినప్పుడు పడ్డాయి కదా?" అన్నాను.

"అప్పుడు పడ్డయేమో. ఇప్పుడు సాఫ్ అయిపోయినయి. ఏం పని చేసేది అమ్మ?"

నేను జవాబు చెప్పేలోపే వెనక ఎవరో పిలిచారు, ఫోను పెట్టేశాడు. చివరికి చీకటి పడుతుండగా అమ్మ ఇల్లు చేరింది. ఏమైందని అడిగితే, "ఏంగాలె. జెర్ర ఆలస్యమైంది" అని పాపను ఎత్తుకుంది. పాస్‌పోర్టులో స్టాంపు ఉంది.

అమ్మ ఏం పని చేసేదో నాకు తెలియకపోవడమేముంది. పెళ్లి కాకముందు నుంచి బీడీలు చేసింది. ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, వేళ్ల మధ్య దొర్లించి, కొస మడిచి దారం కడుతుంటే, అదేదో చూడకుండా చేసే పనిలా ఉండేది. మాట్లాడుతూ చేసేది, నాకు లెక్కలు అప్పజెప్పించుకుంటూ చేసేది. ల్యాబులో రోజూ ఎంతమంది వేళ్లో పట్టుకుని సూది గుచ్చుతాను కదా, అమ్మ వేళ్లను మాత్రం ఆ రాత్రే సరిగా పట్టి చూశాను. కొసల మీద చర్మం నున్నగా, నదిలో దొరికే గులకరాయిలా ఉంది. గీతలు లేవని కాదు, ఉన్నాయి, కాని వెలుతురుకు అడ్డంగా తిప్పితే తప్ప కనపడవు. దానికి తోడు మా ఇంటికి వచ్చినప్పటి నుంచి గిన్నెలన్నీ తనే తోముతోంది.

మరునాడు అమ్మ నన్ను ఒకటే అడిగింది. "మీ దవాఖాన్ల చేతులకు తొడుక్కుంటరు గదా రబ్బరుయి, అవి నాలుగు తేరాదు బిడ్డా."

తెచ్చాను. ఆ తర్వాత మూడు నెలలూ అమ్మ నీళ్లలో చెయ్యి పెట్టలేదు. గిన్నెలు ముట్టలేదు, బట్టలు ఉతకలేదు, పాపకు స్నానం చేయించాల్సి వస్తే తొడుగులు వేసుకునేది. పాప ఆ రబ్బరు చేతులు చూసి ఏడ్చేది, కొన్నాళ్లకు అలవాటుపడింది. రాత్రి పడుకునే ముందు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని వెల్లకిలా పడుకునేది. గిన్నెలు మా ఆయన తోమడం మొదలుపెట్టాడు. అల్లుడు గిన్నెలు తోముతుంటే మొదట్లో వంటింటి గడప దగ్గర నిలబడి ఇబ్బందిపడేది.

"మీరు కూసోండి అత్తమ్మా, నాకేం కష్టం" అనేవాడు ఆయన, వెనక్కి తిరగకుండానే.

రెండోసారి గడువు దగ్గరపడినప్పుడు ఏజెంటుకు ఫోను చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మేడమ్, మీరు ఏమనుకోవద్దు. అమ్మ మంచిది, నాకు మా అమ్మీ లెక్క. కాని బండిల చిన్నపిల్లలు ఉంటరు, షుగరు ఉన్న పెద్దోళ్లు ఉంటరు. పోయినసారి అందరు నన్ను అన్నరు. అమ్మ ఒక్కదాని కోసం బండి మొత్తం ఆగుతది. మీరే తీస్కపోండి. లేకుంటే ఇంకెవరినన్న చూసుకోండి."

ఇంకొకాయన్ని చూశాం కూడా. మా ఆయన పనిచేసే చోటి ఫోర్‌మన్ ఒక నంబరిచ్చాడు. ఆ మనిషి అసలు సరిహద్దుకు పోనక్కర్లేదన్నాడు. పాస్‌పోర్టు ఇస్తే చాలు, రెండ్రోజుల్లో తనే పని అయ్యేట్టు చూస్తానన్నాడు. ఎలా చూస్తారని మా ఆయన అడిగితే, "అది మా పని సార్" అన్నాడు. మా ఆయన పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఇక మిగిలింది నేను. శుక్రవారం ఆయనకు సెలవు కాబట్టి పాప ఆయన దగ్గర ఉంటుంది. కారు ఆయన పేరు మీద ఉంది గనుక నేను దేశం దాటించడానికి అనుమతి తీసుకున్నాం. నాకు ఎగ్జిట్ రీఎంట్రీ వీసా పెట్టించుకున్నాం. లైసెన్సు వచ్చి రెండేళ్లయినా ఊరు దాటి అంత దూరం ఒక్కదాన్నే నడపడం నాకు అదే మొదలు. భయం రోడ్డు గురించి కాదు, కౌంటరు గురించి.

బయల్దేరిన కాసేపటిదాకా రెండు వైపులా పొలాలు. ఆ తర్వాత ఇసుకరాళ్ల గుట్టలు, ఎర్రటి నేల. అమ్మ తొడుగులు వేసుకునే కూర్చుంది.

"ఇప్పుడెందుకమ్మా, తీసెయ్" అన్నాను.

"ఆడికి పోయినంక తీస్త. చెమట పట్టి మెత్తగుంటయి" అంది.

వెళ్లేటప్పుడు సౌదీ వైపు వాళ్లు వేలిముద్రలు అడగలేదు. జోర్డాన్ వైపు ఒకతను పాస్‌పోర్టులు తిరగేసి, ఎక్కడికని అడిగాడు. స్టాంపు కోసమని చెప్తే నవ్వకుండా తలూపి కొట్టాడు. అలాంటివాళ్లను రోజూ చూస్తాడు కాబోలు. అక్కడి కొట్లో పుదీనా వేసిన చాయ్ కొనుక్కుని కారుకు ఆనుకుని తాగాం. అమ్మ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఒక్కో వేలినీ గ్లాసుకు నొక్కుతూ వెచ్చ చేసుకుంటోంది. అటూ ఇటూ చూసి, "ఇది వేరే దేశమానె? మట్టి గదే ఉన్నది" అంది.

తిరిగి వచ్చేటప్పుడు మొదటి కౌంటరులో కుర్రాడొకడు కారు కిటికీలోంచే మిషను అందించాడు. అమ్మ తొడుగులు తీసి, చీరకొంగుకు తుడుచుకుని పెట్టింది. కుడి చెయ్యి పడలేదు. ఎడమ చెయ్యి పడలేదు. బొటనవేళ్లు పడలేదు. అతను కారు పక్కకు పెట్టుకుని లోపల ఆడవాళ్ల గదికి పొమ్మన్నాడు.

లోపల కౌంటరు వెనక నల్ల ముసుగులో ఒకావిడ, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆసుపత్రిలో నేర్చుకున్న అరబీతో నేను సంగతి చెప్పాను. ఆమె అమ్మ చేతిని లాక్కుని, టిష్యూ కాగితంతో వేళ్లు తుడిచి, తన వేలితో అదిమిపెట్టి చూసింది. లాభం లేదు. చేతిని తిప్పి కొసల మీద తడిమింది.

"ఖాలా చేతులకు ఏమైంది? కాలాయా?" అంది.

ఖాలా అంటే పిన్నమ్మ, ఆ మాట అమ్మకు అర్థమైంది. "మన దిక్కు సాయిబుల పిల్లలు గూడ నన్ను గట్లనే పిలుస్తరు" అంది నాతో మెల్లగా.

నేను కాలలేదని చెప్పాను. పని చేసి అరిగిపోయాయన్నాను. ఏం పని అని అడిగింది. బీడీకి అరబీలో ఏమంటారో నాకు తెలియదు. పొగాకు పని అన్నాను. ఆమె కళ్లు చిట్లించింది.

"పొగ తాగుతుందా?"

"లేదు. తయారు చేస్తుంది. ఆకులో పొగాకు చుట్టి. మా దగ్గర బీడీ అంటారు. మా అమ్మ బీడీలు చేసి నన్ను చదివించింది."

ఆ చివరి మాట అవసరం లేదు. ఆమె అడగలేదు కూడా. నా వెనక నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఇండియన్ ఆడవాళ్లకు బీడీ అన్న మాట వినపడింది, తలలు తిప్పి చూశారు. అమ్మకూ వినపడింది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కౌంటరు మీది డబ్బాలోంచి ఇంకో టిష్యూ తీసుకుంది. దాన్ని చించి నలుచదరం చేసి, ఎడమ చేతి వేళ్ల మీద పరిచి, ఏమీ లేని చోట ఏదో పోసినట్టు పోసి, దొర్లించి, కొస గోరుతో లోపలికి మడిచింది. చీర అంచులోంచి ఒక పోగు లాగి కట్టింది. అంతా కంటి రెప్ప వేసినంతలో అయిపోయింది. దాన్ని కౌంటరు మీద ఆమె ముందు పెట్టింది.

ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను. పక్కన ఉన్న చెత్తబుట్టలో వేసి, లోపలికి వెళ్లి పైఅధికారిని పిలుచుకొచ్చింది. ఆయన పాస్‌పోర్టులో ఫోటో, అమ్మ మొహం రెండూ చూసి, ఎడమ చేతి ఉంగరపువేలు ఒక్కటి పెట్టించమన్నాడు. అది సగం పడింది. ఆయన కంప్యూటర్లో ఏదో రాసి వెళ్లిపోయాడు. స్టాంపు పడింది. తర్వాతి వాళ్లను రమ్మని ఆవిడ చేత్తో సైగ చేసింది.

తబూక్ దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి, పొద్దున కట్టుకొచ్చిన రొట్టెలు, మామిడి తొక్కు కారులోనే కూర్చుని తిన్నాం. అమ్మకు నవ్వొచ్చింది.

"చెత్తబుట్టల ఏసింది సూడు. మంచిగనే చుట్టిన గదనే."

"మంచిగనే చుట్టినవ్" అన్నాను.

కాసేపు తిన్నాక తనే చెప్పింది. "పోయినసారి ఆ బండిల ఒకామె అడిగింది, నీ వేళ్లకేమైందమ్మా అని. బట్టలు కుడత అని చెప్పిన. వాళ్ల బిడ్డలందరు ఇంజనీర్లు, డాక్టర్లు. నీకూ అల్లునికీ నామోషీ అయితదేమోనని."

నేను తొక్కు డబ్బా ఆమె వైపు జరిపాను.

"ఇయ్యాల నువ్వే అందరి ముంగట చెప్పినవ్ గదా" అంది అమ్మ. "ఇగ నాకెందుకు దాపరికం." ఇంకో రొట్టె తుంచి నా చేతిలో పెట్టి, తొందరగా తినమని, పాప ఏడుస్తూ ఉంటుందని చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి పాప ఏడవడం లేదు, తండ్రి పొట్ట మీద పడుకుని నిద్రపోతోంది. అమ్మ అబాయా విప్పి మడతపెట్టి, వంటింట్లోకి పోయి, తొడుగులు లేకుండానే గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. మా ఆయన లేచి వద్దని చెప్పబోతే నేను ఆపాను.

ఆ తర్వాతి మూడు నెలలూ అమ్మ చేతులకు ఏమీ తొడగలేదు. సాయంత్రం పాపను బండిలో కూర్చోబెట్టుకుని కింద పార్కుకు పోయేది. అక్కడ వ్యానులో కలిసిన ఆ ఆడమనిషే, రాజమండ్రి వైపు ఆవిడ, మళ్లీ కలిసింది. తను బీడీలు చేస్తానని అమ్మ చెప్పిందట. ఆవిడ, "మరి బట్టలు కుడతానన్నారేంటండీ" అని అడిగితే, "గప్పుడు గట్ల అనిపిచ్చింది" అన్నదట. అంతటితో ఆ సంగతి అయిపోయింది. ఇద్దరూ కలిసి పార్కు చుట్టూ తిరిగేవాళ్లు. ఒకరి యాస ఒకరికి వింతగా ఉందని చెప్పి ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

మూడోసారి గడువు వచ్చేలోపు, అమ్మ లాంటి వాళ్ల వీసా ఫోన్లోనే పొడిగించుకోవచ్చని మా ఆయన తెలుసుకున్నాడు. ఆరోగ్య బీమా కట్టి ఒక మీట నొక్కితే అయిపోతుందట. ఆయన ఆ మాట అన్నప్పుడు అమ్మ పాపకు అన్నం తినిపిస్తోంది.

"వద్దు అల్లుడా. పోయొస్త. అది నడుస్తున్నది గదా ఇప్పుడు. క్రెష్‌ల ఏసుకోండి" అంది.

పాప అప్పుడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మేము బలవంతపెట్టలేదు. ఊళ్లో ఇంటి పైకప్పు కారుతోందని, వానలకు ముందు చూసుకోవాలని తను రెండు మూడుసార్లు అనే ఉంది. జెద్దాలో విమానం ఎక్కించి వచ్చాం. నేను ల్యాబులో పని వేళలు మార్పించుకున్నాను. పాపను ఆసుపత్రి పక్కనే ఒక కేరళ ఆవిడ నడిపే క్రెష్‌లో వేశాం. మొదటి వారం ఏడ్చింది, తర్వాత మానేసింది.

ఈ ఏడాది అమ్మకు మళ్లీ వీసా పెట్టాం. వచ్చిందని ఫోను చేసి చెప్తే అమ్మ వెనక నుంచి ఎవరో ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. బీడీలు చేస్తూ కూర్చున్నారు కాబోలు.

"మళ్ల ఆ బార్డరుకు పోవుడు ఉన్నదా?" అని అడిగింది.

"లేదు. అంతా ఫోన్లనే అయితది."

"మంచిగాయె" అని, పాపకు చెప్పులు ఏ సైజు తేవాలని అడిగింది.