జాలి మీద పట్టుగుడ్డ

మొన్న ఆదివారం గద్వాలలో మా ఇంటి మిద్దె మీద మా అల్లుడు కొత్త స్టీలు పొయ్యి పెట్టి కోడిని కాల్చాడు. అందరూ తిన్నాక దాన్ని తోముదామని కూర్చుని, ఇంకా వెచ్చగా ఉన్న దాని కడ్డీల జాలి మీద సగం కోసిన నిమ్మకాయ రుద్దాను. కాలిన కొవ్వు, నిమ్మతొక్క కలిసిన ఆ వాసన తగలగానే చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ల తర్వాత రాములు మాస్టర్ నా పక్కన పీట వేసుకుని కూర్చుని నా చేతినే చూస్తున్నట్టు అనిపించింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా ఆయనకు చూపు తగ్గి జరీ పోగులు కనిపించక, ఇంట్లో మగ్గం ఆగిపోయింది. ఇద్దరు పిల్లలు. నేను బీచుపల్లి దగ్గర పెద్దరోడ్డు మీదున్న ఒక దాబాలో గిన్నెలు తోమే పనికి కుదిరాను. రాములు మాస్టర్ అక్కడ వంటమనిషి. ఆయనది పెద్దమందడి. బొంబాయి హోటళ్లలో ఇరవై ఏళ్లు చేసి వచ్చాడు. చేపలు, కోళ్లు కాల్చే స్టీలు పొయ్యి ఆ దాబాకు పెద్ద పేరు. దాన్ని ఆయన ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. నెల రోజులు నా పని చూశాక, ఒకరోజు పిలిచి జాలి నా ముందు పెట్టాడు. నేను అలవాటుగా స్టీలు పీచు అందుకున్నాను. అది లాక్కుని బయటికి విసిరేశాడు.

“గిన్నెలకు ఏదన్న రుద్దుకో నర్సమ్మా. దీనికి మాత్రం పీచు పెట్టకు. తీగ తెగి జాలికి అంటుకుంటది, కంటికి కనవడది. తినేటోని గొంతుల పడ్తది.”

వేడి పూర్తిగా తగ్గకముందే నిమ్మకాయ, వంటసోడా, కొబ్బరి పీచుతో తోమాలని, కడిగాక తడి లేకుండా తుడిచి నూనె చెయ్యి రాయాలని నేర్పాడు. పొయ్యి మూతను వెలుగుకు తిప్పి, స్టీలు మీది సన్నటి గీతలు చూపించాడు. “దీనికి గూడ పోగులుంటయి, మీ చీరెకు ఉన్నట్లే. పోగు వెంబడి రుద్దు, అడ్డం రుద్దకు” అన్నాడు. అంత పెద్ద మాస్టర్ నాకు తెలిసిన పనితో పోల్చి చెప్పినందుకు నాకు ధైర్యం వచ్చింది. మగ్గం పనిలో నా పగిలిన వేళ్లకు పట్టుపోగులు తగులుకునేవని, పట్టు ఎంత చిన్న గరుకునైనా పట్టుకుంటుందని చెప్పాను. మర్నాడు ఇంటి నుంచి ఒక పట్టుముక్క తెచ్చి, జాలి కడ్డీల మీద తిప్పి చూపించాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

“బొంబాయిల గీ ముచ్చట ఎవ్వడు చెప్పలే. నువ్వే నాకు ఉస్తాదువైతివి గదనే.”

ఆనాటి నుంచి జాలి మీద పట్టుగుడ్డ తిప్పకుండా నిప్పు వేసేవాళ్లం కాదు. ఖాళీ ఉన్నప్పుడు ఆయన బొగ్గుతో బండ మీద నా పేరు రాసి దిద్దమనేవాడు. నా వయసుకు సిగ్గేసేది. అయినా దిద్దేదాన్ని.

ఒక ఆదివారం మాస్టర్‌కు జ్వరం. నిప్పు వేసేదాకా లోపల పడుకుంటానని, జాలి సంగతి నాకు అప్పజెప్పాడు. ముందురోజు కొవ్వు గట్టిపడి రాలేదు. బయట లారీలు ఆగుతున్నాయి, దాబా నడిపే సేటు తొందర పెడుతున్నాడు. పట్టుగుడ్డ ఉతకడానికి తీసుకెళ్లి ఇంట్లోనే మరిచిపోయాను. స్టీలు పీచు తీసుకుని నాలుగు రుద్దులు రుద్ది, జ్వరంతోనే లేచి వచ్చిన మాస్టర్‌కు ఇచ్చేశాను.

మధ్యాహ్నం ఒక డ్రైవరు తింటూ తింటూ గొంతు పట్టుకున్నాడు. రుమాలులో రక్తం పడింది. దవాఖానకు తీసుకుపోతే తీగముక్క తీశారు. బతికాడు. సేటు వంటింట్లోకి వచ్చి జాలి ఎవరు తోమారని అడిగాడు. నేను తడిచేతులతో నిలబడి ఉన్నాను. పీచు నా పక్కనే బకెట్లో ఉంది. మాస్టర్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

“నేనే తోమిన సేటూ.”

పీచు పెట్టొద్దని అందరికీ చెప్పేవాడివి నువ్వే కదా అని సేటు నోటికొచ్చినట్టు తిట్టి, పనిలోంచి పొమ్మన్నాడు. మాస్టర్ భుజం మీది తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. నేను నోరు తెరవలేదు. పని పోతే పిల్లలకు ఏం పెట్టాలన్నదొక్కటే మనసులో ఉంది.

కొన్నేళ్ల తర్వాత నేను పెద్దవాళ్ల బడిలో చేరి చదవడం నేర్చుకున్నాను. ఒకసారి వనపర్తి బస్టాండులో మాస్టర్ కనిపించాడు. టీ కొట్టు దగ్గర గ్లాసులు కడుగుతున్నాడు. నేను ఎక్కబోతున్నది గద్వాల బస్సేనని ఎవరు చెప్పారని అడిగాడు. బోర్డు నేనే చదివానన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇక్కడ ఈ పనేమిటని అడిగితే, చేతిలోని గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు.

“పొయ్యి కాడికి ఎవరు రానిస్తలేరు నర్సమ్మా. మాట పాకింది గదా. పోనీ తియ్. జాలి మీద పట్టుగుడ్డ తిప్పుతున్నవా?”

తిప్పుతున్నానన్నాను. ఆ రోజు సంగతి ఎత్తబోయాను. బస్సు కదిలింది. ఎక్కేశాను.

నోటితో చెప్పలేనిది రాసి ఇద్దామని ఉత్తరం రాసుకుని పెద్దమందడికి వెళ్లేసరికి రెండేళ్లు గడిచాయి. అప్పటికే మాస్టర్ పోయాడు. ఆయన భార్య నాకు మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

“ఆయన పీచు పెట్టిండంటే నేను ఇప్పటికీ నమ్మనమ్మా” అంది.

ఉత్తరం నా సంచిలోనే ఉంది. నీళ్లు తాగి, వచ్చేశాను.

ఆ ఉత్తరాన్ని పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకున్నాను. అందులో ఉన్నది ఒక్కటే మాట, ఆ రోజు జాలి తోమింది నేనని. మొన్న కిందికి దిగి ఆ గుడ్డ విప్పి తెచ్చాను. ఒక్కో కడ్డీ మీద తిప్పాను. ఎక్కడా తగులుకోలేదు. అయినా మొదటి కడ్డీ నుంచి మళ్లీ తిప్పాను.