అమ్మ నరకం, నాన్న నిష్ఠ

మా ఇంట్లో దేవుడు లేడనేవాళ్ళు ఎవరూ లేరు. గొడవల్లా మనం పోయాక ఆయన మనల్ని ఎక్కడ దించుతాడన్న దగ్గరే. అమ్మది ఒక మాట, నాన్నది ఇంకో మాట, పక్క వీధిలో ఉండే పిన్నిది వాళ్ళిద్దరికీ సరిపడని మాట. నేను ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను కాబట్టి నాకు ఏ నమ్మకమూ లేదని ముగ్గురూ కలిసి తేల్చేశారు. వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం బహుశా అదొక్కటే.

అమ్మ విజయవాడ భవానీపురంలో చేపలమ్ముతుంది. పుట్టింది కొల్లేటి లంకలో. వాళ్ళ నాన్న, తాత, అందరూ వల పట్టినవాళ్ళే. నాన్నదీ అదే కులం, అదే బతుకు. కాకపోతే ఆయన నీళ్ళలోకి దిగకుండా ట్రాలీ ఆటో నడిపాడు. కైకలూరు వైపు చెరువుల దగ్గరికి వెళ్ళి, ఐసు పరిచిన ట్రేలలో బొచ్చెలూ శీలావతులూ వేసుకొచ్చి పొద్దున్నే అమ్మ కొట్టు ముందు దించేవాడు. అమ్మ ఒకసారి కత్తిపీట ముందు కూర్చుంటే ఇక ఎవరికీ లొంగేది కాదు. గీచి గీచి బేరమాడేవాళ్ళకి ఒకటే జవాబు.

"నచ్చితే తీసుకోండమ్మా, లేకపోతే చూసి పోండి. చూసినందుకు డబ్బులేం తీసుకోను."

అమ్మ నమ్మే నరకం, తాతయ్య పెద్దకర్మ నాడు పంతులుగారు చదివి వినిపించిన నరకం. నెత్తురు పారే వైతరణి, దాన్ని దాటడానికి ఆవు తోక, అవతలి ఒడ్డున యమభటులు. అదంతా విని వచ్చిన కొన్నాళ్ళకి, దుర్గమ్మ కొండ కింద అమ్మే పటాల్లో అలాంటి బొమ్మలున్నది ఒకటి కొనుక్కొచ్చి దేవుడి గూటి పక్కన తగిలించింది. అందులో ఒక్కో పాపానికి ఒక్కో శిక్ష. అబద్ధాలాడినవాళ్ళకి నాలుక కోస్తున్నారు, దొంగలకి చేతులు నరుకుతున్నారు, జీవహింస చేసినవాళ్ళని పెద్ద బాణలిలో వేయిస్తున్నారు. ఆ బాణలి తన కోసమేనని అమ్మకి తెలుసు. అయినా దాన్ని వంట చేసే మనిషి కంటితోనే చూసేది.

"ఆ నూనె చూడవే, కాగనే లేదు. పొగ లేదు, బుడగ లేదు. పచ్చి నూనెలో వేస్తే ముక్క అడుగంటుద్ది గానీ వేగుద్దా? పైగా ఉప్పూ కారం పట్టించకుండా వేసేశారు. నేను పోయాక నేర్పిస్తాలే వాళ్ళకి."

అంత ధీమా ఎందుకంటే, అమ్మకి దుర్గమ్మతో సొంత ఒప్పందం ఉంది. కొట్టు తెరవగానే కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టి, "అమ్మా, ఇది నువ్విచ్చిన పనే" అని గుర్తుచేసి, అప్పుడు కత్తిపీట వాల్చేది. పని ఇచ్చింది నువ్వే కనక పాపం సంగతి కూడా నువ్వే చూసుకో అని దాని అర్థం.

ఆమెకి కోపం తెప్పించేది నరకం కాదు, కొనేవాళ్ళు. బతికున్న కొర్రమీను ఏరుకుని, ఆ పైన మొహం పక్కకి తిప్పుకుని, "మీరే కొట్టి ఇవ్వండి, మాకు చంపాలంటే పాపం అనిపిస్తుంది" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు వెళ్ళాక అమ్మ మొదలెట్టేది. "తినేది వాళ్ళు, పాపం నాదంట." కార్తీకమాసం వచ్చిందంటే ఇంకా చెప్పక్కర్లేదు. విజయవాడ మొత్తానికి ఒక్కసారిగా భక్తి పుట్టి, చేపల కొట్ల ముందు ఈగలు కూడా వాలవు. "మిగతా నెలలన్నీ యముడు సెలవులో ఉంటాడా?" అని అమ్మ ఖాళీ కొట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని అడిగేది. కార్తీకం వెళ్ళిన మర్నాడు అదే జనం తోసుకుంటూ వచ్చేవాళ్ళు.

ఇలా ఉండగా నాన్నకి బీపీ వచ్చింది. ఆటో మానేసి రోజూ నడవమన్నాడు డాక్టరు. ఆ నడకలో పరిచయమైన ఒకాయన నాన్నని పటమటలో జరిగే ధ్యానం క్లాసుకి తీసుకెళ్ళాడు. వెళ్ళిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. మొదట కాఫీ మానేశాడు, మేము పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత ఒక ఆదివారం చేపల పులుసు ముందు కూర్చుని, కంచం పక్కకి జరిపి, "ఇంక నేను తినను" అన్నాడు.

ఉప్పు ఎక్కువైందేమో అనుకుంది అమ్మ. అది కాదు. క్లాసులో చెప్పారట. అన్ని ప్రాణుల్లోనూ ఉన్నది ఒకే దేవుడట. నరకం అంటూ వేరే చోటు ఏదీ లేదట. ఎవరిని కోశామో, మళ్ళీ పుట్టి వాళ్ళ చేత కోయించుకోవడమే నరకమట. చేపని తిన్నవాడు చేపై పుడతాడట.

"మంచిదేగా, కొల్లేట్లోనే పుడతాం. మా పుట్టిల్లే," అంది అమ్మ.

నాన్న నవ్వలేదు. నమ్మకం కొత్తగా వచ్చినప్పుడు మనిషికి నవ్వు కొంచెం తగ్గుతుందనుకుంటాను.

అమ్మకి వచ్చే జన్మ గొడవ కంటే ఈ జన్మలో వచ్చిపడిన చిక్కే పెద్దదిగా కనిపించింది. "చేపలమ్మేదాని మొగుడే చేప తినడంటే సరుకు బాగోలేదనుకోరా జనం?" అని తల పట్టుకుంది. పైగా నాన్న కొట్టు వెనక స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. "మీ ఆయనకి ఒంట్లో బాగోలేదాండీ?" అని వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు. "ఒంట్లో బాగానే ఉందండీ, దేవుడు పట్టుకున్నాడు," అనేది అమ్మ, చేతిలోంచి జారకుండా కొర్రమీనుకి బూడిద రాస్తూ.

ఇంట్లో రెండో పొయ్యి వెలిసింది. నాన్న గిన్నెలు వేరు, గరిటె వేరు. మధ్యాహ్నం కొట్టు కట్టేసి వచ్చాక వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న విషయం. ఇప్పుడు నాన్న వరండాలో పప్పన్నం, అమ్మ వంటింట్లో పులుసన్నం. పోట్లాట ఏమీ లేదు. వాసన పడటం లేదనేవాడు నాన్న, అంతే. ఆ మాట అమ్మకి ఎంత గుచ్చుకుందో నాకు తెలుసు. ఎంత సబ్బు పెట్టి తోమినా ఆమె చేతులకి ఆ వాసన పోదు.

ఇక పిన్ని. అమ్మకి సొంత చెల్లెలు, ఎండు చేపల వ్యాపారం. బాబాయికి జబ్బు చేసి ఇంక లాభం లేదన్నప్పుడు ఎవరో వచ్చి ప్రార్థన చేశారు, ఆయన లేచి కూర్చున్నాడు. అప్పటి నుంచి పిన్ని ఆదివారాలు ప్రార్థనకి వెళ్తుంది. ఆమె దృష్టిలో చేపలు పట్టడం అసలు పాపమే కాదు.

"మా యేసయ్య ముందుగా పిలిచింది ఎవర్ననుకున్నావక్కా? మనలాగా వలలేసేవాళ్ళనే. మనోళ్ళకి అక్కడ ముందు వరసే."

"అయితే నాకూ కాస్త చోటు చూసి పెట్టవే."

"నమ్మాలిగా మరి."

"నేను దుర్గమ్మని నమ్ముకున్నాగా."

"అదేగా చిక్కు," అని పిన్ని నిజంగానే దిగులుపడేది. అక్కని మంటల్లో వదిలేసి తను పరలోకంలో ఎలా ఉండాలన్నది ఆమె బాధ. ప్రతి ప్రార్థనలోనూ అక్క కోసం ఒక మాట చెప్పించేది. అమ్మేమో కొండకి వెళ్ళినప్పుడల్లా చెల్లెలి పేరున కొబ్బరికాయ కొట్టించేది. ఒకరికి తెలియకుండా ఒకరు చేస్తున్నామనుకునేవాళ్ళు గానీ ఇద్దరికీ తెలుసు.

పోయిన వేసవిలో అమ్మకి ఆయాసం మొదలైంది. గుండెలో వాల్వు పాడైంది, ఆపరేషన్ చేసి మార్చాలన్నారు. వయసుంది, షుగరుంది, గ్యారంటీ చెప్పలేమన్నారు. అమ్మ ఆ మాటకి తొణకలేదు. నాన్న క్లాసు నుంచి ఒకావిడ పరామర్శకి వచ్చిన రోజు తొణికింది. తెల్లచీర, మెత్తని మాట. అమ్మ చెయ్యి పట్టుకుని, "ఇప్పటికైనా ఆ పని మానేయండమ్మా, ఎంతో కొంత పాపం తగ్గుతుంది," అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. ఆవిడ మంచికే చెప్పింది. మంచికి చెప్పినవాళ్ళని తిట్టడానికి వీల్లేకపోవడం నా ఒళ్ళు మండించింది.

మర్నాడు నేను కొట్టు దగ్గరే ఉన్నాను. అమ్మ చేతిలో కొర్రమీను కొట్టుకుంటోంది. దాని తల మీద దెబ్బ వెయ్యబోయి ఆగింది. దాని వంక చూస్తూ ఉండిపోయింది. చివరికి కొనుక్కున్నావిడతో, "పక్క కొట్లో కోయించుకోండమ్మా, నాకు చెయ్యి నొప్పిగా ఉంది," అంది. అమ్మ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చాక, "నరకమంటే భయం పట్టుకుందా?" అని అడిగేశాను.

"నరకమంటే నాకేం భయమే? ఎండలో కూచుని, మంట ముందు వండి బతికినదాన్ని. ఒక్కదాన్నే పోవాలంటేనే..." అని ఆగింది. "మీ నాన్న పైకి ఎక్కడికో పోతాడంట. మీ పిన్నికి అక్కడ సీటుంది. బస్టాండులో అందరూ తలో బస్సూ ఎక్కేసి నన్నొక్కదాన్నే వదిలేసినట్టుంది నాకు."

"అవన్నీ లేవమ్మా."

"నువ్వెళ్ళి చూసొచ్చావా?"

 సాయంత్రం నాన్నని వరండాలో పట్టుకున్నాను. ఆపరేషన్‌కి వెళ్ళే మనిషిని ఇలాగేనా భయపెట్టేది అని గట్టిగానే అడిగాను. "అదంతా ఉత్తదే అని ఒక్క మాట చెప్పు నాన్నా. నీ నోటితో చెప్తే నమ్ముద్ది."

 "ఉత్తదైతే ఉత్తదేనని చెప్పేవాణ్ణేగా. నేను నమ్ముతున్నానమ్మా," అన్నాడు నాన్న. తన ధ్యాన ఫలంలో సగం అమ్మకి ఇవ్వొచ్చా అని క్లాసులో అడిగాడట. ఎవరిది వాళ్ళదే, బదిలీలు కుదరవన్నారట. ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి నాకు. "అయితే చూస్తూ కూచో," అని విసురుగా లోపలికి వచ్చేశాను.

ఆసుపత్రిలో చేరే ముందు రోజు ఎంత వద్దన్నా వినకుండా అమ్మ శీలావతి పులుసు పెట్టింది. తను లేనప్పుడు మా నోటికి రుచి ఎవరు తగిలిస్తారని. చేప మాత్రం పక్క కొట్టావిడ కోసి పంపింది. పిన్ని ఆ రోజు అక్క కోసమే ఉపవాస ప్రార్థనలో ఉంది. పులుసు వాసన తగిలేసరికి, "ప్రభువు ఏమీ అనుకోడులే," అని కంచం ముందు కూర్చుంది.

అప్పుడు నాన్న వరండాలోంచి పప్పన్నం కలిపిన తన కంచం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక ముక్క వెయ్యి," అన్నాడు.

"ఏం ముక్క?"

"పులుసులోది."

"మతి పోయిందా ఏవయ్యా? ఇన్నేళ్ళ నిష్ఠ చెడగొట్టుకుంటావా? ఇప్పుడు నీకు నమ్మకం పోయిందా?"

"పోలేదు. నమ్ముతున్నా కాబట్టే వెయ్యమంటున్నా. నువ్వొక్కదానివే ఓ పక్కకి పోతే, నేను ఇంకో పక్కన కూచుని ఏం చెయ్యాలి?"

పిన్ని నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. అమ్మ గరిటె అందుకుంది. తర్వాత వెతికి వెతికి అన్నిటికంటే చిన్న ముక్క వేసింది. నాన్న అది నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వచ్చే జన్మలో తన మెడ మీదికి కత్తి వస్తుందని మనస్ఫూర్తిగా నమ్ముతూనే దాన్ని నమిలాడు. నాకు ఏడుపొచ్చింది. నేను ఏ దేవుణ్ణీ అంత గట్టిగా నమ్మలేదు, ఏ మనిషి కోసమూ అంత వదులుకోలేదు.

రెండో ముద్దకే ముల్లు గుచ్చుకుంది. అలవాటు తప్పింది కదా. దగ్గి దగ్గి కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంటుంటే, అమ్మ తిడుతూ ఉత్త అన్నం ముద్ద మింగించింది. కంచం తన వైపు లాక్కుని ముళ్ళన్నీ ఏరి ముద్దలు చేసి చేతిలో పెట్టింది. "నరకానికి తోడొస్తాడంట. ముల్లు తీసుకుని తినడం రాదు," అంది. అంటూనే ఇంకో ముక్క వేసింది, ఈసారి పెద్దది.

ఆపరేషన్ రోజు పొద్దున అమ్మ నుదుట కొండ మీది కుంకుమ, దాని పక్కనే పిన్ని రాసిన ప్రార్థన నూనె. లోపలికి తీసుకెళ్ళే ముందు నర్సు దూదితో రెండూ కలిపి తుడిచేసింది. అమ్మ నవ్వుతూనే వెళ్ళింది. అంతా బాగా జరిగింది. ఎవరి దేవుడి వల్ల జరిగిందన్న దాని మీద మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. డాక్టరుగారి ప్రస్తావన మాత్రం ఎవరూ తేవడం లేదు.

కొన్ని నెలలు ఇంట్లో కూర్చోబెట్టాం. ఆ తర్వాత మా వల్ల కాలేదు. అమ్మ మళ్ళీ కొట్టు తెరిచింది. కొర్రమీను మీద చెయ్యి ఆగలేదు.

నాన్న క్లాసుకి వెళ్తూనే ఉన్నాడు. మామూలు రోజుల్లో వరండాలో పప్పన్నమే. ఆదివారం మాత్రం వంటింట్లోకి వచ్చి, చేదు మందు మింగేవాడిలా మొహం పెట్టి, ఒక్క చేప ముక్క తింటాడు. రుచి కోసం కాదని చూస్తేనే తెలిసిపోతుంది. మొన్న అమ్మ విసుక్కుంది.

"నాకు బాగయిందిగా. ఇప్పుడప్పుడే నేనెక్కడికీ పోవట్లేదు. ఇంక ఇది మానేసి నీ పుణ్యం నువ్వు చూసుకో."

నాన్న ముక్క విప్పి ముల్లు తీసుకుంటున్నాడు. తలెత్తకుండానే చెప్పాడు.

"నువ్వు రోజూ కోస్తానే ఉన్నావుగా. నీ పాపం పెరుగుతా ఉంటే నాది అక్కడే ఆగిపోతే ఎట్టా?"