ఎవరింటి నీళ్లూ తాగని టీచరమ్మ

సుద్దవంకకు బడి వచ్చిందంటే చదువు మీద ప్రేమతో రాలేదు. ఎలక్షన్లలో ఓట్లు వేయించడానికి ఒక గది కావలసి వచ్చింది, కట్టారు, అంతే. కట్టే చోటు దగ్గరే తగువు. మిట్టవీధిలో కడితే దిగువవీధి వాళ్లు రామన్నారు, దిగువవీధిలో కడితే మిట్టవీధి వాళ్లు తలకాయలు పగులుతాయన్నారు. ఆఖరికి రెండు వీధులకూ నడుమ, వంక ఒడ్డున, గొడ్డును కూడా ఎవరూ కట్టేయని పల్లంలో కట్టారు. వాన పడితే వంక నీళ్లు ముందు బడిలోకి వచ్చి ఆ తర్వాతే చేలల్లోకి పోయేవి. మరి ఇంజనీరు చూడలేదా అంటే, చూశాడు. నేలను చూశాడు, రెండు వీధుల మనుషుల్నీ చూశాడు, సంతకం పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

1974లో ఆ బడికి కృపావతి వచ్చింది. నంద్యాల మిషన్ కాంపౌండులో వంట చేసే శాంతయ్య కూతురు. ట్రైనింగు పూర్తయ్యాక పంచాయతీ సమితి వాళ్లు వేసిన మొదటి పోస్టింగు ఇది. ఇరవై దాటిన వయసు, ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి బిందె, బడికి ఆనుకుని ఉన్న చిన్న గది. శాంతయ్య బస్సు దాకా వచ్చి, "ఊరోళ్లతో మంచిగా ఉండు పాపా, అందరితో కల్సిమెల్సి ఉండు" అని చెప్పి పంపాడు. పాపం, ఆయనకు నంద్యాల తప్ప వేరే లోకం తెలీదు.

వచ్చిన కొత్తలోనే సర్పంచి చెన్నకేశవులు కబురు పెట్టాడు. మిట్టవీధికి పెద్ద ఆయనే. కొత్త టీచరమ్మను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. కూలివాళ్ల కోసం చూరులో దోపి ఉంచే గ్లాసులోనే ఇప్పించాడనుకోండి. ఆమె కులం వాళ్లకు తెలుసు, ఆ గ్లాసు సంగతి ఆమెకూ తెలుసు. కృపావతి తాగి, కడిగి, బోర్లించి వచ్చింది.

తెల్లవారి బడికి సగం మంది పిల్లలు రాలేదు. దిగువవీధి పిల్లలు ఒక్కరూ లేరు. చూరు గ్లాసైతేనేం, మజ్జిగ మజ్జిగే. టీచరమ్మ మిట్టవీధి పార్టీలో చేరిపోయినట్టే లెక్క. ఆ ఊళ్లో రెండు వీధుల వాళ్లకు మంచీ చెడ్డా పోయి ఒక తరం దాటింది. ఒకరి పెళ్లికి ఒకరు పోరు, ఒకరి పాడె ఒకరు మోయరు, ఒకరి కుండలో నీళ్లు ఇంకొకరు ముట్టరు.

కృపావతి తిన్నగా దిగువవీధి పెద్ద నరసింహులు ఇంటికి పోయి వాకిట్లో నిలబడింది.

"పిల్లోళ్లను ఎందుకు పంపలేదప్పా?"

నరసింహులు వేపపుల్ల నములుతూనే చెప్పాడు. "మజ్జిగ యాడ తాగినావో ఆడనే చెప్పుకో పో సదువు."

"దప్పికై తాగినా. పార్టీ కోసం తాగలేదు."

"అట్లయితే మా ఇంట్లో గూడా తాగు. సరిపోతాది."

తాగితే రేపు మిట్టవీధి పిల్లలు రారు. ఆ మాత్రం లెక్క ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. అలా నిలబడే ఒక మాట అనుకుంది, అనుకున్నది పైకి అనేసింది. "ఈ ఊర్లో ఇంగ ఎవరి గడపా తొక్కను. ఎవరింటి నీళ్లూ తాగను. పెండ్లికి రాను, చావుకు రాను. నన్ను ఏ పార్టీలోనూ కలపొద్దు. పిల్లోళ్లను మాత్రం పంపండి." అక్కణ్ణుంచి మిట్టవీధికి పోయి చెన్నకేశవులు అరుగు కింద నిలబడి అవే మాటలు మళ్లీ చెప్పింది.

ఇద్దరూ నవ్వారు. వయసులో ఉన్న ఆడపిల్ల, ఒంటరిది, ఎన్నాళ్లుంటుందిలే అనుకున్నారు. చూద్దామని పిల్లల్ని పంపారు. రెండు వీధుల పిల్లలూ ఒకే చాప మీద కూర్చున్నారు. పొద్దుగూకితే తండ్రులు ఒకరినొకరు చూసుకోరు, పొద్దున్నే కొడుకులు ఒకే బలపాన్ని విరుచుకుని రాసుకునేవారు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా కృపావతికి కడుపు నిండినట్టుండేది.

కడుపు అలా నిండేదేమో కానీ ఇల్లు మాత్రం నిండలేదు. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఆ గదిలో మాట అన్నది ఉండేది కాదు. ఒక వీధిలో పెళ్లి మేళం మోగితే ఆ పెళ్లికూతురు తనకు ఎక్కాలు అప్పజెప్పిన పిల్లే కదా అనుకుంటూ కృపావతి పొయ్యి ముందు కూర్చునేది. అక్షింతలు వేయడానికి లేదు. ఆదివారాలు ఆళ్లగడ్డ చర్చికి పోయేది. తిరిగి వచ్చేటప్పుడు, విగ్రహాలు చెక్కేవాళ్ల షెడ్ల దగ్గర ఉలుల చప్పుడు వింటూ ఒక బస్సు పోనిచ్చి ఇంకో బస్సెక్కేది. రాళ్ల చప్పుడు వినడమేమిటి, పిచ్చిదా అనుకోకండి. పక్కన పదిమంది పని చేసుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఉంటే ఆమెకు ప్రాణం కుదుటపడేది.

ఒక సంబంధం వచ్చింది. నంద్యాలలో మత్తయి అని, రైల్వే గుమాస్తా. మంచివాడు. ఆమె నంద్యాలకు బదిలీ చేయించుకుంటే చేసుకుంటానన్నాడు. బదిలీ కావాలంటే సమితిలో ఎవరో ఒక పెద్దమనిషి సిఫారసు ఉండాలి. చెన్నకేశవులును అడిగితే పని అవుతుంది, నరసింహులును అడిగినా అవుతుంది. కానీ ఎవరిని అడిగినా వాళ్ల మనిషైపోతుంది. కొత్త టీచరు వచ్చే దాకా ఆగుతారా, ఆ రోజే రెండో వీధి పిల్లల పలకలు ఇంట్లో పడతాయి. కృపావతి అడగలేదు. మత్తయి కొన్నాళ్లు చూసి ఇంకెవరినో చేసుకున్నాడు. శాంతయ్య ఆ బెంగతోనే పోయాడని అన్న ఇస్సాకు చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఇస్సాకుది సున్నిపెంటలో డ్యాము ఉద్యోగం. అంత దూరాన కూర్చుని అలగడం ఎవరికైనా తేలికే.

మరి ఇన్నేళ్లు ఆమె ఎట్లా బతికింది అంటే, రామేశ్వరమ్మ వల్ల బతికింది. దిగువవీధి మనిషి, నరసింహులుకు దాయాదుల కోడలు, భర్త పోయినామె. వంక ఇసకలో చెలమ తవ్వుకుని నీళ్లు తోడుకోవడానికి ఇద్దరూ తెల్లవారకముందే వచ్చేవాళ్లు. వంక ఎవరిదీ కాదు, పోరంబోకు. అక్కడ కూర్చుంటే ఎవరి గడపా తొక్కినట్టు కాదు. చెలమలో నీరు ఊరే దాకా ఇద్దరూ ఇసకలో కాళ్లు చాపుకుని మాట్లాడుకునేవాళ్లు. రామేశ్వరమ్మ మొదట్లో దూరంగా కూర్చునేది. తర్వాత తర్వాత తన చిప్పతోనే తోడి కృపావతి బిందెలో పోసేది.

"నువ్వు మా ఇంటికి రావు, నేను నీ గదికి రాను. ఏందో, ఈ ఇసకే మనకు పుట్టినిల్లు" అనేది.

"ఊర్లో రాజీ అయిన రోజు నేరుగా మీ ఇంటికే వస్తానక్కా. నువ్విచ్చిన నీళ్లే ముందు తాగుతా."

"బేగా కానీయమను ఆ ముదనష్టపోళ్లను. నేను ముసలిదాన్నైపోతాండా."

1983లో రామేశ్వరమ్మకు జ్వరం వచ్చింది, తగ్గలేదు. కూతురు చెన్నమ్మ అప్పుడు అయిదో తరగతి. బడికి వచ్చి, గుమ్మంలో నిలబడి, "అమ్మ నిన్ను పిలుస్తాంది టీచరమ్మా" అని చెప్పి పరుగెత్తింది. అది మామూలు సమయమా? అంతకు ముందు నెలే చేలగట్టు దగ్గర దిగువవీధి వాళ్లు మిట్టవీధి వాడి చెయ్యి నరికారు. మిట్టవీధి వాళ్లు పళ్లు కొరుకుతూ ఉన్నారు. టీచరమ్మ దిగువవీధిలో కాలు పెడితే చాలు, బడి విరిగిపోతుంది. కృపావతి చెప్పులు వేసుకుంది, గుమ్మం దాకా వచ్చింది, చాప మీద కూర్చున్న పిల్లల్ని చూసింది, చెప్పులు విప్పేసింది.

మర్నాడు శవం బడి ముందు నుంచే పోయింది. శ్మశానానికి అదొక్కటే దారి. తప్పెట్లు దగ్గరవుతుంటే పిల్లలు లేచారు. "కూర్చోండి. పదమూడో ఎక్కం, గట్టిగా" అంది. పిల్లలు గొంతెత్తి అరుస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. పాడె వెనక చెన్నమ్మ నడుస్తోంది. చెన్నమ్మ తల తిప్పి బడి వైపు చూసింది, ఆ చూపుకు కృపావతి కళ్లు దించుకుంది. ఆ రోజు బడి విరగలేదు. ఆ పిల్ల మాత్రం మళ్లీ రాలేదు.

ఆ తర్వాత చెలమ దగ్గరికి ఒక్కతే పోయేది. నీరు ఊరడానికి అంత సేపు పడుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఇక రాజీ సంగతి చెప్పాలి. సమితులు పోయి మండలాలొచ్చాయి కదా, 1987లో వాటికి ఎలక్షన్లు వచ్చాయి. నంద్యాలలో ఒక పెద్ద నాయకుడు రెండు వీధుల పెద్దలిద్దర్నీ తన బంగళాకు పిలిపించాడు. ఒకరికి మండలంలో పదవి, ఒకరికి కాంట్రాక్టు పనులు. పొద్దున వేరువేరు బస్సుల్లో పోయిన చెన్నకేశవులు, నరసింహులు సాయంత్రానికి ఒకే జీపులో దిగారు. ఊరు నోరు వెళ్లబెట్టింది. ఒక తరం పాటు జనం చేతులూ కాళ్లూ పోగొట్టుకున్న పగ, ఒక మధ్యాహ్నం భోజనంతో అయిపోయింది. ఎంత సులభమో చూడండి.

కలిసిన చేతులు ఊరికే ఉంటాయా? వంక పోరంబోకును చెరిసగం చేసుకుని, ఇసక అమ్ముకుని, గట్లు పోసి చేలు చేసుకున్నారు. చెలమలు లేవు, కూర్చోవడానికి ఇసకా లేదు. దారి మూసుకున్న వంక మొదటి గట్టి వానకే బడి మీద పడింది. వెనక గోడ కూలింది. అదృష్టం, ఆదివారం కాబట్టి పిల్లలు లేరు, టీచరమ్మ చర్చిలో ఉంది. అప్పటికే పెద్దల పిల్లలు జీపెక్కి నంద్యాల కాన్వెంటుకు పోతున్నారు. వాళ్లను చూసి మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే బస్సెక్కారు. ఏ చాప మీద రెండు వీధులూ కలిసి కూర్చోవాలని ఆమె బతుకంతా ఒంటరిగా ఉండిపోయిందో, ఆ చాప మీద నలుగురు కూలివాళ్ల పిల్లలు మిగిలారు.

కృపావతి చెన్నకేశవులు ఇంటికి పోయింది. ఇద్దరూ ఒకే అరుగు మీద ఉన్నారు.

"బడి గోడ ఎప్పుడు కట్టిస్తారప్పా?"

"ఇంగ బడెందుకు టీచరమ్మా? అందరూ టౌనుకు పోతాండారు గదా. నీకు గూడా నంద్యాలకు బదిలీ చేయించినాం. సంతోషమేనా?" అన్నాడు నరసింహులు.

"మిగిలిన పిల్లోళ్లు?"

"పక్క ఊరి బడికి నడుస్తార్లే."

చెన్నకేశవులు లోపలికి కేకేశాడు. "టీచరమ్మకు మజ్జిగ తీసుకురాండి. ఇప్పుడేం అడ్డం లేదు గదా."

మజ్జిగ ఈసారి స్టీలు గ్లాసులో వచ్చింది. కృపావతి దాని వైపు చూసి, "దప్పిక లేదప్పా" అని వెనక్కి తిరిగింది. అబద్ధం. గొంతు ఎండిపోయి ఉంది.

ఊరు విడిచే రోజు ట్రంకు పెట్టెను రోడ్డు మీద, బస్సు ఆగే చోటికి పంపేసి, ఆమె దిగువవీధికి నడిచింది. నరసింహులు వాకిట్లో నిలబడి వచ్చాక, పద్నాలుగేళ్లకు ఆ వీధిలోకి మళ్లీ ఇప్పుడే. రామేశ్వరమ్మ ఇల్లు ఏదో అడిగి తెలుసుకోవలసి వచ్చింది. చెన్నమ్మ వాకిట్లో చెనక్కాయలు వలుస్తోంది. పెద్దదైంది, అచ్చం తల్లి నుదురు.

"ఇప్పుడు తెలిసిందా టీచరమ్మా దారి?"

కృపావతి గడప దాటింది. లోపల చాప మీద కూర్చుంది.

"నువ్వు బడి వాకిట్లో నిలబడుకోనుంటివి. నేను జూసినా" అంది చెన్నమ్మ. గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది. "అమ్మ ముందే చెప్పింది. పిలిచి రా గానీ ఆయమ్మ రాదులే, వస్తే బడి పోతాది అని. సెంబులో నీళ్లు మాత్రం పక్కనే పెట్టించుకునింది."

అప్పుడు కృపావతి ఏడ్చింది. బడీ పోయింది కదా అక్కా, బడి కూడా పోయింది అని పైకే అంటూ ఏడ్చింది. చెన్నమ్మ ఆపలేదు. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, "కొన్ని నీళ్లియ్యి చెన్నమ్మా. మీ అమ్మకు మాటిచ్చినా" అంది.

చెన్నమ్మ లేచి కుండ దాకా పోయి ఆగిపోయింది.

"అమ్మ పోయినాక మా ఇంటికి ఇదే నీ మొదటి రాక. ఎన్నేండ్లయినా ఇది సావు పలకరింపే. పలకరింపుకొచ్చినోళ్లకు మా ఇండ్లల్లో నీళ్లియ్యరు టీచరమ్మా. కీడంటారు." కుండ మీద మూత సరిగ్గా పెట్టి, "మళ్లీ వచ్చినప్పుడు తాగుదువులే" అంది.

రోడ్డు మీద నంద్యాల బస్సు హారను కొట్టింది. కృపావతి లేచింది. పలకరింపుకు వచ్చినవాళ్లు పోయొస్తామని చెప్పకూడదు. ఆమె చెప్పలేదు. గడప దాటి, వెనక్కి చూడకుండా, ఎండిన గొంతుతో బస్సు వైపు నడిచింది.