తువ్వాలు దులిపి లేచొచ్చిన ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో మా నరసన్నపేట వైపు డిగ్రీ పాసైన కుర్రాడంటే పంతులుద్యోగమో, గుమస్తా పనో చూసుకోవాలి. వ్యాపారం కాలేజీలో నేర్పుతారంటే జనం పడీ పడీ నవ్వేవారు. అలాంటిది, విశాఖపట్నంలో ఆ చదువేదో పెట్టారనీ, ఇంటర్వ్యూలో నెగ్గితే సీటిస్తారనీ విని నేను దరఖాస్తు పడేశాను. సీటు రాకపోతే పెదనాన్న రైసుమిల్లులో కూర్చోవాల్సిందేనని నాన్న తేల్చేశారు. (పెదనాన్న తుమ్మితే మిల్లంతా లేచి నిలబడేది. అక్కడ నా బతుకేమిటో మీరే ఊహించుకోండి.)

ఇంటర్వ్యూలో ఏమడుగుతారో చెప్పే నాథుడు ఊళ్ళో లేడు. అందుకని అమ్మ తమ్ముడు, మా మావ దగ్గర తర్ఫీదుకి చేరాను. సంతలో ఎడ్ల బేరాలు కుదర్చడంలో ఆయన మొనగాడు. రైతులు బతిమాలి వెంట తీసుకెళ్ళేవారు. ఆయన బేరమాడుతుంటే పనులు మానుకుని మరీ చూసేవాళ్ళం.

"ఒరే అల్లుడూ, ఇంటర్యూ అంటే ఏటనుకున్నావు? బేరమే! నచ్చిన ఎద్దుకేసి సూడకు. పక్కెద్దుని మెచ్చుకో. అప్పటికీ ఆళ్ళు దిగిరాకపోతే తువ్వాలు దులుపుకుని లేసెలిపో. గుమ్మం దాటకుండా ఆళ్ళే పిలుస్తారు, సూడు!"

ఇంటర్వ్యూకి మావ కూడా వచ్చి వరండాలో కూర్చున్నాడు. లోపల తల నెరిసిన ప్రొఫెసరుగారు "మా కాలేజీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నావు?" అని ఇంగ్లీషులో అడిగారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీదే అని ఏముందండీ? కలకత్తాలో ఇంకా బాగా చెబుతారట" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే మేము సీటివ్వకపోయినా నీకు నష్టం లేదన్నమాట." "ఏమీ లేదండీ" అనేసి, తువ్వాలు లేదు కనక జేబురుమాలే దులిపి భుజాన వేసుకుని లేచాను. గుమ్మం దాకా పెళ్ళికూతురిలా నెమ్మదిగా నడిచాను. ఎవరూ పిలవలేదు. "థాంక్యూ" అని మాత్రం వినిపించింది.

"పిలిసారా?" అన్నాడు మావ ఆత్రంగా.

"లేదు మావా! నా కొంప మునిగింది" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"పిలవకపోతే తిరిగెల్లు."

"సిగ్గు కాదా?"

"సిగ్గేటిరా? ఎవులూ పిలవకపోయినా తిరిగెల్లి ఎన్ని ఎడ్లు తోలుకొచ్చానో నీకేటి తెలుసు? కావాలంటే కావాలని సెప్పాల. ఎల్లెల్లు!"

ఆ సంగతి ఆయన అంతకుముందు ఎవరికీ చెప్పి ఉండడు. సంతంతా మొనగాడని పొగిడే మనిషి, నాకోసం తన ఓటముల్ని అంత తేలిగ్గా బయటపెట్టేశాడు. అప్పటిదాకా ఆయనంటే నాకు సరదాయే. ఆ క్షణాన మాత్రం కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

నేను తిరిగి లోపలికెళ్ళేసరికి ప్రొఫెసరుగారి ముందు ఇంకో అబ్బాయి కూర్చున్నాడు. "సార్, నాకు ఈ సీటు కావాలండీ. చాలా కావాలండీ" అన్నాను, తెలుగులోనే. ఇందాక అలా ఎందుకన్నానో, పక్కెద్దు సూత్రంతో సహా చెప్పేశాను. ప్రొఫెసరుగారు భళ్ళున నవ్వి, "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా నాయనా" అన్నారు. పెద్ద మనసున్న మనిషి. సీటు వచ్చింది. మావ మాత్రం, "నాను సెప్పినట్టే సేసాడు!" అని సంతంతా చాటాడు.

మొన్నొక పెళ్ళి భోజనంలో పనసపొట్టు కూర మరో గరిటె వేయించుకోవాలని మహా ఉబలాటంగా ఉండీ, వడ్డించేవాడు దాటిపోతుంటే పెద్దరికం అడ్డొచ్చి నోరు మెదపలేదు. విస్తరి ముందు కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ఆనాడు తిరిగెళ్ళి సీటడిగిన కుర్రాడైతే వంటశాలలోకే వెళ్ళి అడిగి ఉండేవాడు.